సెయిన్ ఒడ్డు చెట్లు, చలిమంట కట్టెలు

ప్రశ్న: కెనడాలోని విన్నిపెగ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇంటి వెనకే సెయిన్ అని చిన్న ఏరు, ఒడ్డు వెంట దట్టంగా చెట్లు. ఊరు దాటితే మాత్రం కనుచూపు మేర బోసి మైదానమే. ఏటి పక్కన ఇన్ని చెట్లు ఎవరు నాటారు? రాలిపడ్డ ఎల్మ్ కొమ్మలు చలిమంటకు తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ముందు కట్టెల సంగతి చెబుతానమ్మా. ఈపాటికే నాలుగు కొమ్మలు పెరట్లో చేర్చి ఉంటారని నా అనుమానం! వద్దు. విన్నిపెగ్ ఉన్న మానిటోబా రాష్ట్రంలో ఎల్మ్ కట్టెలు నిల్వ చేయడం, తరలించడం చట్టరీత్యా నేరం. ఎల్మ్ చెట్లను చంపే డచ్ ఎల్మ్ తెగులు 1975లో విన్నిపెగ్‌కు చేరింది. తెగులు బూజుదే అయినా, దాన్ని మోసుకెళ్ళేది బెరడు కింద కాపురముండే చిన్న పురుగు. మీ కట్టెల కుప్ప దానికి సత్రం. కోసిన కొమ్మ వాసనకూ ఆ పురుగు వస్తుంది కనుక ఏప్రిల్ నుంచి జూలై దాకా ఎల్మ్ కొమ్మలు కొట్టడమూ నిషేధమే. తెచ్చేసి ఉంటే నగరపాలక సంస్థ నంబరు 311కి ఫోన్ చేసి, ఏం చేయాలో అబ్బాయిని కనుక్కోమనండి. యాష్ అనే చెట్టు కొమ్మలతోనూ జాగ్రత్త, 2017లో దాన్ని చంపే పురుగూ అక్కడ బయటపడింది.

ఎల్మ్‌ను గుర్తుపట్టడం తేలికే. ఆకు మొదట్లో, తొడిమ దగ్గర, ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి ఉంటుంది. మన నెమలినార దీని కుటుంబమే. రెండింటి కాయలకూ కాగితం లాంటి రెక్క ఉంటుంది.

ఇక నాటిందెవరూ కాదు. ఒకప్పుడు ఆ మైదానాన్ని కార్చిచ్చు తరచూ కాల్చేసేది, మిగిలిన మొక్కల్ని అడవిదున్నలు తొక్కేసేవి. గడ్డికి వేరు బతికుంటే చాలు, మళ్ళీ లేస్తుంది. లేత చెట్టుకు ఆ వీలు తక్కువ. ఏటి దగ్గర తడి, వంపులు మంటను ఆపేవి. మంచు కరిగే రోజుల్లో వరద ఒండ్రు పరిచేది. అందుకే నీళ్ళలో నిలిచినా తట్టుకునే ఎల్మ్, యాష్, మానిటోబా మేపుల్ పల్లంలో ఉంటాయి. మెరకన ఉండేది బర్ ఓక్. దాని మందపాటి బెరడు మామూలు మంటను లెక్కచేయదు. నాకైతే అన్నిట్లోకీ అదే ముద్దు.

రాయల్‌వుడ్ పేటలో 'బ్వా దెజెస్ప్రీ' అనే సెయిన్ ఒడ్డు అడవి నూరెకరాల పైనే మిగిలింది. ఏటి కోసం 1990 నుంచీ 'సేవ్ అవర్ సెయిన్' సంఘం పనిచేస్తోంది. తప్పక చూడండి. జూన్‌లో అయితే దోమల మందు రాసుకుని మరీ వెళ్ళండి.