ప్రాక్టీస్‌ టెస్టులో 48 శాతమే... పరీక్ష వాయిదా వేసుకోవాలా?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్‌ పూర్తిచేశాను. అమెరికాలో నర్సుగా పనిచేయడానికి రాసే లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌-ఆర్‌ఎన్‌కు ఇంకా ఐదు వారాలే ఉంది. మొన్నటి ప్రాక్టీస్‌ టెస్టులో 48 శాతం వచ్చింది. అప్పటినుంచి పుస్తకం తెరవాలంటేనే భయం. తేదీ మార్చుకోమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు ఆ 48 ఎలాంటిదో చూడండి. అసలు పరీక్షలో మీరు సరైన జవాబులు ఇస్తున్నకొద్దీ కంప్యూటర్‌ మరింత కఠినమైన ప్రశ్న వేస్తుంది, తప్పితే కాస్త తేలికది వేస్తుంది. మీ జవాబు తప్పవడానికీ ఒప్పవడానికీ సమానంగా అవకాశమున్న ప్రశ్నలనే ఏరి ఇస్తుంది కాబట్టి, పాసైనవాళ్లు కూడా దాదాపు సగం తప్పులు చేసే ఉంటారు. అక్కడ చూసేది శాతం కాదు, ఎంత కఠినమైన ప్రశ్నల దగ్గర మీరు నిలబడగలిగారన్నది.

అలాగని 48ని తీసిపారేయకండి. చాలా ప్రాక్టీస్‌ టెస్టుల్లో ప్రశ్నల స్థాయి అలా మారదు. అందులో మిగతావారి సగటు ఎంతో చూడండి. అది 52 అయితే కంగారు అక్కర్లేదు, 70 అయితే గట్టిగా పని పట్టాల్సిందే.

ఆ పని తప్పుల దగ్గరే మొదలవుతుంది. మార్కులు చూసి బాధపడేవారే ఎక్కువ, తప్పులు చదివేవారు తక్కువ. ప్రతి తప్పు పక్కనా కారణం రాయండి: విషయం తెలియలేదా, ప్రశ్న సరిగా చదవలేదా, తెలిసీ ఎవరికి ముందు, దేనికి ముందు అన్నచోట తడబడ్డారా? ఈ మూడో రకం పాఠ్యపుస్తకం మళ్లీ మొదటినుంచి చదివితే తగ్గదు.

ఒక ఉదాహరణ చూడండి. నలుగురు రోగుల్లో మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఒకరికి నిన్న పొట్ట ఆపరేషన్‌ జరిగింది, నొప్పి పదికి ఏడు. ఇంకొకరికి సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు), రక్తంలో ఆక్సిజన్‌ 90 శాతం. మూడోవారు ఇన్సులిన్‌ ఎలా వేసుకోవాలని అడుగుతున్నారు. నాలుగోవారికి నిన్న థైరాయిడ్‌ తీసేశారు, పెదవుల చుట్టూ తిమ్మిరిగా ఉందంటున్నారు. 90 అంకె చూసి చాలామంది సీఓపీడీ వైపు పరుగెడతారు. ఆ జబ్బులో అది ఊహించదగిన అంకే. తిమ్మిరి అలా కాదు. ఆపరేషన్‌లో థైరాయిడ్‌ను ఆనుకుని ఉండే పారాథైరాయిడ్‌ గ్రంథులు దెబ్బతిని రక్తంలో కాల్షియం పడిపోతోందేమో, దానివల్ల స్వరపేటిక బిగుసుకుంటే ఊపిరే ఆడదు. ముందు అక్కడికే వెళ్లాలి. సరైన జవాబు ఎందుకు సరైనదో, మిగతా మూడూ ఎందుకు కావో మీ మాటల్లో చెప్పగలిగితేనే ఆ ప్రశ్న మీకు వచ్చినట్టు. రోజుకు రెండొందల ప్రశ్నలు గబగబా దాటేయడం కంటే యాభై ఇలా చేయడం మేలు.

2023 ఏప్రిల్‌ నుంచి వచ్చిన కొత్త తరహాలో కేస్‌ స్టడీలకు ప్రత్యేకంగా సమయం ఇవ్వండి. ఒకే రోగి రికార్డు మీద వరుసగా ఆరు ప్రశ్నలుంటాయి. ‘వర్తించేవన్నీ ఎంచుకోండి’ ప్రశ్నల్లో ఇప్పుడు పాక్షిక మార్కులు ఉన్నాయి, కానీ తప్పు ఎంపిక ఒప్పుకు వచ్చిన మార్కును కోసేస్తుంది. అనుమానంగా ఉన్నవన్నీ టిక్‌ పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. ఇక పరీక్ష కనీస సంఖ్య 85 ప్రశ్నలకే ఆగితే పాసా, గరిష్ఠ సంఖ్య 150 దాకా వెళ్తే ఫెయిలా అన్న చర్చలకు దూరంగా ఉండండి. రెండు చోట్లా పాసైనవారూ ఉన్నారు, ఫెయిలైనవారూ ఉన్నారు.

మూడు వారాల తర్వాత మరో టెస్టు రాయండి, మీరు ఇంతవరకు చూడని ప్రశ్నలతో. పాత ప్రశ్నలే మళ్లీ చేస్తే పెరిగేది జ్ఞాపకం మాత్రమే. మూడో రకం తప్పులు తగ్గి, సగటుకు దగ్గరగా వస్తే అదే తేదీకి వెళ్లండి. ఏమాత్రం కదలిక లేకపోతే మార్చుకోండి. అపాయింట్‌మెంట్‌కు 24 గంటల ముందు వరకు వీలుంటుంది, కొత్త తేదీ మాత్రం పరీక్ష రాయడానికి మీకిచ్చిన అనుమతి పత్రం గడువు లోపలే ఉండాలి. ఫెయిలైతే మళ్లీ రాయడానికి కనీసం 45 రోజులు ఆగాలి, ఫీజు మళ్లీ కట్టాలి. నిర్ణయం తీసుకునేటప్పుడు ఆ రెండూ లెక్కలో పెట్టుకోండి.