మట్టి ఓవెన్ మొదటి మంటకే నెర్రెలిస్తే

చిత్తూరులో పిజ్జా కోసం చెరువు మట్టితో కట్టిన ఓవెన్ మొదటి మంటకే నెర్రెలిచ్చిందంటే, చాలావరకు ఇసుక చాలకపోవడమో, తడి ఆరకముందే పెద్ద మంట పెట్టడమో కారణం.

1. చెరువు మట్టికి జిగురెక్కువ. తట్ట మట్టికి రెండు, మూడు తట్టల ఇసుక కలపాలి. ఉండ చేసి నడుము ఎత్తు నుంచి వదిలితే విచ్చిపోకూడదు, అప్పడంలా అణగకూడదు.

2. చాలామంది వదిలేసేది ఆరబెట్టడం. మన ఎండకి పైపొర త్వరగా గట్టిపడుతుంది, తడి లోపలే ఉండిపోతుంది. తడి గోనెసంచి కప్పి నీడలో నెమ్మదిగా ఆరనివ్వండి. తర్వాత రోజూ నాలుగు పుల్లలతో చిన్న మంట, అంతే. బయటి గోడకు చెయ్యి ఆనిస్తే చెమ్మ తగులుతుంటే పెద్ద కట్టెల జోలికి పోవద్దు. పిజ్జా కోసం తొందరపడేది ఇక్కడే!

3. సన్న నెర్రెలైతే తడిపి అదే మట్టితో పూడ్చండి. వేలు దూరితే కూల్చేయడమే మేలు. కాలి ఎర్రబడని మట్టిని నానబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

నవంబరు వానలకు ముందే పైన రేకు వేయించండి.