చుక్క రాలిన చోటే చిల్లు ఉండదు

చిరంజీవి మేనల్లుడికి,
పెరంబూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

వాన పడినప్పుడల్లా పికప్ కేబిన్‌లో కాళ్ల కింద నీళ్లు చేరుతున్నాయని, సిలికాన్ ట్యూబు కొని ముందు అద్దం చుట్టూ పూసేయాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ ట్యూబు మూత తీయకు నాయనా. నీళ్లు ఎక్కడ జొరబడుతున్నాయో తెలియకుండా పూస్తే కారడం ఆగదు, పైగా రేపు అసలు మరమ్మతుకు అదే అడ్డుపడుతుంది. సిలికాన్ అంటుకున్న రేకు మీద రంగు నిలవదు, అద్దం బిగించే జిగురూ సరిగా పట్టదు. వెనిగర్ వాసన వచ్చే రకమైతే అందులోని ఆమ్లం రేకును తినేస్తుంది. అసలే సముద్రపు గాలికి తుప్పు పట్టే ఊరు మనది.

ఇప్పుడు పడుతున్నవి సాయంకాలపు వానలే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. చెన్నైలో ఏడాది పొడవునా కురిసే వానలో సగానికి పైగా ఆ మూడు నెలల్లోనే పడుతుంది. ఈలోపే పని తేల్చుకోవాలి.

ముందు అది వాననీరేనా అన్నది చూడు. ఎండరోజున కూడా, ఏసీ నడిచాక తడి కనిపిస్తే, ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం మూసుకుపోయినట్టు. వేలికి జిగటగా తగిలి, తియ్యని వాసన వస్తే అది హీటరు నుంచి కారే కూలెంటు, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం. ఈ రెండూ కాదని తేలాకే వాన సంగతి.

మ్యాట్లు, వాటి కింది మందపాటి దుప్పటి లాంటి పరుపు అన్నీ తీసి, లోపల పొడిగా తుడిచెయ్యి. ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి, ఒకరు బయట పైపు పట్టుకోవాలి. నీళ్లు మెల్లగా పారాలి. వాటర్ సర్వీసు వాళ్ల ఒత్తిడి పంపు వద్దు, అది వాన ఎన్నడూ దూరని సందుల్లోకి కూడా నీళ్లు దూరుస్తుంది. కింది నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క చోట అయిదు నిమిషాలు ఆగుతూ పైకి పో. పై నుంచి మొదలుపెడితే నీరు అన్నిటి మీదుగా జారి, దోషం ఎక్కడుందో తెలియనివ్వదు. లోపల అనుమానం ఉన్న చోట్ల ముఖానికి రాసుకునే పౌడరు చల్లి ఉంచు. నీరు నడిచిన దారి అందులో గీతలా కనిపిస్తుంది. ఆ గీత వెంట పైకి వెళ్లు. కప్పు దగ్గర దూరిన నీరు అద్దం పక్క స్తంభం లోపలి నుంచి దిగి నీ పాదాల దగ్గర తేలవచ్చు.

నా అనుమానమంతా వైపర్ల కింద ఉన్న ప్లాస్టిక్ జాలీ మీదే. నువ్వు మాధవరంలో రాత్రంతా బండి ఆపేది నిద్రగన్నేరు చెట్టు కింద కదా. ఆ చిన్న చిన్న ఆకులు జాలీ కన్నాల్లోంచి జారిపడి, దుమ్ముతో కలిసి, నల్లటి బురదముద్ద అయి కూర్చుంటాయి. అక్కడ పడిన వాన రెండు పక్కల ఉన్న కన్నాల గుండా కిందికి పోవాలి. అవి పూడుకుపోతే నీరు అక్కడే నిలిచి, మట్టం పెరిగి, బ్లోయరు, అంటే ఏసీ గాలి విసిరే ఫ్యాను, గాలి పీల్చుకునే దారిలోంచి లోపలికి పొర్లుతుంది. చాలా బళ్లలో బ్లోయరు ఎడమవైపు ఉంటుంది. నీళ్లు ఎక్కువగా క్లీనరు కూర్చునే వైపే చేరుతున్నాయంటే ఇదే కారణం కావచ్చు. వైపర్లు, జాలీ విప్పి ఆ ముద్దను చేత్తో తోడెయ్యి. పైపు పెట్టి కొడితే అది కన్నంలోకే బిగుసుకుంటుంది. తోడాక ఒక చెంబు నీళ్లు పోసి, చక్రం వెనక నేల మీద ధారగా పడుతున్నాయో లేదో చూడు.

తరువాత తలుపులు. కిటికీ అద్దం పక్కనుంచి తలుపులోకి నీరు దిగడం మామూలే. తలుపు అడుగున ఉన్న చిన్న కన్నాల్లోంచి అది బయటికి పోతుంది. వాటిని సన్నని ప్లాస్టిక్ పుల్లతో శుభ్రం చెయ్యి. లోపలి ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ పొర ఉండాలి. స్పీకరు బిగించేటప్పుడు దాన్ని చింపి పారేసేవాళ్లు చాలామంది. నాకు ఇది చూస్తే ఒళ్లు మండుతుంది, ఎందుకంటే కేబిన్‌కూ వానకూ మధ్య ఉన్న అడ్డు అదే. మందపాటి ప్లాస్టిక్ షీటు కోసి, బ్యూటైల్ టేపుతో, అంటే జిగటగా ఉండే రబ్బరు టేపుతో, అంచులన్నీ అతికించు.

తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ పరీక్షకు కాగితం చాలు. తలుపుకూ చట్రానికీ మధ్యలో పెట్టి తలుపు వేసి లాగు. ఎక్కడ సులువుగా జారి వస్తే అక్కడ రబ్బరు చచ్చిందన్నమాట. పుదుపేటలో పాత బీడింగ్ చవకగా దొరుకుతుంది కానీ కొనకు, ఒకసారి నొక్కుకుపోయిన రబ్బరు మళ్లీ లేవదు. కొత్తదే వెయ్యి. కప్పు మీద క్యారియర్ బోల్టులు, వెనక అద్దం రబ్బరు కూడా చూడు. బోల్టు చుట్టూ తుప్పు ఉంటే గీకి, ప్రైమరు వేసి, ఆ తరువాతే బాడీ సీలరు.

అద్దం అంచే కారుతోందని పైపు పరీక్షలో తేలితే అది నువ్వు చేసే పని కాదు. అద్దం పనివాడి చేత ఊడదీయించి, కింద తుప్పు తీయించి, కొత్త జిగురుతో బిగించుకో. ఆ జిగురు ఆరేదాకా, అతను చెప్పిన గడువు దాటేదాకా లోడు ఒప్పుకోకు. కోయంబేడు మార్కెట్టు బేరం ఒక పూట పోతే పోనీ.

కారడం ఆగినా ఆ పరుపును తడిగా తిరిగి వెయ్యకు. పైన పొడిగా అనిపించినా లోపల వారాల తరబడి చెమ్మ నిలిచి, కింది రేకు కుళ్లుతుంది. ఎండలో బాగా ఆరనివ్వు, వాసన పోకపోతే కొత్తది కొను. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, ఫ్యూజ్ బాక్సు, సీటు కింది వైర్ల జాయింట్లు చూడు. పచ్చగా చిలుము పట్టి ఉంటే ఎలక్ట్రీషియన్‌కు చూపించు. రాత్రివేళ హైవే మీద లైట్లు ఆరిపోవడానికి అంత చెమ్మ చాలు.

ఆదివారం బండి ఇక్కడికి తీసుకుని రా. పైపు నేను పడతాను, నువ్వు టార్చి పట్టుకుని లోపల కూర్చో. వచ్చేటప్పుడు బ్యూటైల్ టేపు ఒక చుట్ట తీసుకుని రా.

ఇట్లు,
మీ మామయ్య