లాప్‌టాప్ చార్జర్‌కి అక్కర్లేని ట్రాన్స్‌ఫార్మర్ మిక్సీకెందుకు?

ఆగస్టు వస్తే చాలు, కొత్తగా అమెరికా వచ్చే పిల్లలందరిదీ ఇదే సందేహం, ఇండియా లాప్‌టాప్ చార్జర్ ఇక్కడ పెడితే కాలిపోతుందా, ట్రాన్స్‌ఫార్మర్ కొనాలా అని. అక్కర్లేదండి. చార్జర్ తిప్పి చూడండి, సన్నటి అక్షరాల్లో ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఇక్కడి గోడకి పట్టే ప్లగ్గు ఒకటి కొనుక్కోండి, అంతే.

మరి పాత బ్యాటరీ ఎలిమినేటర్ (రేడియోలకి బ్యాటరీల బదులు పెట్టుకునే అడాప్టర్) అంత బరువుండేది, ఇది ఎందుకింత తేలిక అంటే, ఆ పాతదాంట్లో గోడ కరెంటు నేరుగా ట్రాన్స్‌ఫార్మర్‌లోకే పోయేది. మన దగ్గర ఆ కరెంటు సెకనుకి 50 సార్లే అటూ ఇటూ ఊగుతుంది, ఇక్కడ 60. తొట్టి నింపాలి, ఎప్పుడో ఒకసారి పోస్తానంటే బిందె కావాలి, టకటకా పోస్తుంటే గ్లాసు చాలు. ఇదీ అంతే, ఊగడం నిదానమైతే ఇనప రేకులూ రాగి చుట్లూ బోలెడు కావాలి. ఇప్పటి చార్జర్ ముందు ఏసీని డీసీ చేసేస్తుంది, తర్వాత దాన్ని సెకనుకి 65 వేల సార్లో, లక్ష సార్లో ఆన్ ఆఫ్ చేసి ఫెర్రైట్ (ఇనుము కలిసిన పింగాణీ లాంటి పదార్థం) వాడిన బుల్లి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతుంది. లోపలికి ఇక్కడి 120 వోల్టులు వచ్చినా మన దగ్గరి 230 వచ్చినా ఎంతసేపు ఆన్‌లో ఉంచాలో చిప్పే సర్దుకుంటుంది కాబట్టి బయటికొచ్చే వోల్టేజి మారదు. గాన్ (గాలియం నైట్రైడ్ స్విచ్చులు వాడే) చార్జర్లు ఇంకా వేగంగా స్విచ్ చేస్తాయి, అందుకే ఇంకా చిన్నవి.

మిక్సీకి ఈ సుఖం లేదు, సర్దుకునే చిప్పు లేదు, గోడ కరెంటు మోటారులోకే పోతుంది. 230 వోల్టుల మిక్సీని 120లో పెడితే తిరుగుతుంది గానీ ఇడ్లీ పప్పు వేశారంటే మూలుగుతుంది. 750 వాట్ల మిక్సీకి 1500 వాట్ల స్టెప్ అప్ (వోల్టేజి పెంచే) ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోవాలి, మోటారు స్టార్టయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది మరి, అది సుమారు ఎనిమిది పది కిలోలు, వంటింటి గట్టు సగం అదే తినేస్తుంది. నన్నడిగితే ఇక్కడి కరెంటుకి సరిపడే 110 వోల్టుల మోడల్ కొనుక్కోవడమే మేలు, మన కంపెనీలవే ఇక్కడ దొరుకుతాయి. వెట్ గ్రైండర్ అయితే మరీను, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుంది గానీ 60 హెర్ట్జ్‌ని, అంటే సెకనుకి 60 ఊగడాల్ని, 50 చెయ్యదు, దాని ఇండక్షన్ మోటారు వేగం ఆ ఊగడాన్ని బట్టే ఉంటుంది కాబట్టి కాస్త వేగంగానే తిరుగుతుంది.

తేలిగ్గా ఉంది కదా అని లేబుల్ చూడకుండా పెట్టెయ్యకండి, 200-240 మాత్రమే తీసుకునేవీ ఉన్నాయి. ముఖ్యంగా ఇక్కణ్ణించి ఇంటికి ట్రిమ్మర్లూ హెయిర్ డ్రయ్యర్లూ పట్టుకెళ్ళేవాళ్ళు చూసుకోండి, 120 అని ఒక్కటే రాసుంటే అక్కడ 230లో పెట్టగానే పొగే.