షోగ్రెన్ తేల్చడానికి ఉమ్మి పరీక్ష ఒక్కటే సరిపోతుందా?

మీ అమ్మగారికి నోరు ఎండిపోతోందని, డాక్టరు షోగ్రెన్ (ఒంట్లోని రక్షణ వ్యవస్థే లాలాజల, కన్నీటి గ్రంథుల్ని దెబ్బతీసే జబ్బు) అనుమానంతో పెదవి బయాప్సీ చేయించమన్నారని, ఆవిడ కోత అనగానే భయపడిపోతున్నారని రాశారు. దాని బదులు ఉమ్మిలో బయోమార్కర్లు, అంటే జబ్బు జాడ చెప్పే పదార్థాలు, చూసి తేల్చేయొచ్చా అని అడిగారు. ఇప్పటికైతే కుదరదండి. కానీ బయాప్సీ అవసరం పడకుండా పోయే దారి ఒకటుంది. నాకూ ఇదే జబ్బు, మాది అమలాపురం దగ్గర. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు రక్తంలో యాంటీ-రో (ఈ జబ్బులో కనిపించే ఒక యాంటీబాడీ) పరీక్ష చేశారేమో చూడండి. రిపోర్టులో ఎస్‌ఎస్‌ఏ అని కూడా ఉంటుంది. డాక్టర్లు ఆధారంగా తీసుకునే 2016 నాటి అంతర్జాతీయ ప్రమాణాల్లో దీనికి 3 పాయింట్లు. పెదవి బయాప్సీలో తేడా కనిపిస్తే దానికీ 3. ఉమ్మి తక్కువ ఊరితే 1. కంటి కింద కాగితం పెట్టి చూస్తే 5 నిమిషాల్లో 5 మిల్లీమీటర్లు దాటి తడవకపోతే 1, కంట్లో రంగు వేసి చూసే పరీక్షలో తేడా కనిపిస్తే 1. జబ్బు ఉందనాలంటే మొత్తం కనీసం 4 రావాలి. యాంటీ-రో పాజిటివ్ వచ్చి, ఉమ్మి గానీ కన్నీళ్ళు గానీ తక్కువని తేలితే 4 అయిపోతాయి, చాలామందికి పెదవి జోలికి వెళ్ళక్కర్లేదు. నాకు యాంటీ-రో నెగటివ్. మిగతావన్నీ కలిపినా 3 దాటవు, అందుకే బయాప్సీ తప్పలేదు.

ఉమ్మి కొలిచే పరీక్ష నాకు కాకినాడలో చేశారు. అంతకుముందు ఏమీ తినకూడదు, తాగకూడదు, పళ్ళు తోముకోకూడదు. తల కాస్త వంచి కూర్చుని, నమలకుండా, మింగకుండా, ఊరిందాన్ని ఊరినట్టే గీతలున్న ట్యూబులోకి వదలాలి. పదిహేను నిమిషాల్లో 1.5 మి.లీ. లేదా అంతకన్నా తక్కువ వస్తే, అంటే నిమిషానికి 0.1 మి.లీ. లెక్కన, నోరు నిజంగా ఎండినట్టే. నా ట్యూబు అడుగున కాస్త నురగ, అంతే. తోడొచ్చిన మా ఆడపడుచు “ఇంతేనా వదినా!” అంది. ఎన్నాళ్ళనుంచో మజ్జిగ గుటక వేస్తే తప్ప ముద్ద దిగడం లేదని, పూతరేకు అంగిట్లో అతుక్కుపోతోందని చెబుతూనే ఉన్నాను. ఆ రోజు అది అంకెల్లో కనిపించింది.

ఇక బయోమార్కర్లంటే ఉమ్మిలో ఏముందో చూడటం. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్, లాక్టోఫెర్రిన్, సిస్టాటిన్ సి అనే ప్రొటీన్లు, మైక్రో ఆర్‌ఎన్‌ఏలనే చిన్న జన్యు ముక్కల వంటి వాటిమీద పరిశోధనలు జరుగుతున్నాయి. సూది లేకుండా, కోత లేకుండా జబ్బు తెలిసే రోజు రావాలని నాకెంత ఆశో చెప్పలేను. కానీ చిగుళ్ళు వాచినా, రక్తం కారినా, ఉమ్మి పట్టిన వేళ మారినా ఆ ప్రొటీన్ల లెక్క మారిపోతుంది. పైన చెప్పిన ప్రమాణాల్లో వీటికి పాయింట్లే లేవు. ఏ ల్యాబైనా దీంతోనే తేల్చేస్తామంటే డబ్బు కట్టకండి.

బయాప్సీకి అమ్మగారు అంత టెన్షన్ పడక్కర్లేదు. కింది పెదవి లోపలివైపు మత్తు సూది వేసి, చిన్న గాటు పెట్టి, మెంతిగింజలంత లాలాజల గ్రంథుల్ని కొన్ని తీసి కుట్టేస్తారు. సూది మాత్రం చురుక్కుమంటుంది. కొందరికి అక్కడ కొన్నాళ్ళు తిమ్మిరి ఉంటుంది, అరుదుగా అలాగే ఉండిపోతుంది, ముందే అడిగి తెలుసుకోండి.

ఇంకోటి, ఆవిడ వేసుకునే మాత్రలన్నీ డాక్టరుకి చూపించండి. అలర్జీ మాత్రలు, అమిట్రిప్టిలిన్ లాంటివి కూడా నోరు ఎండగొడతాయి. షుగరు అదుపులో లేకపోయినా అంతే.

ఈలోగా ఫ్లోరైడ్ పేస్టు మానొద్దు, ఉమ్మి లేని నోట్లో పళ్ళు చిగుళ్ళ మొదట్లోనే పుచ్చిపోతాయి. నోరూరుతుందని పంచదార బిళ్ళలు చప్పరించనివ్వకండి. ఉమ్మి ఊరడానికి పైలోకార్పిన్ మాత్రలు రాస్తే, ఉబ్బసం గానీ గ్లకోమా గానీ ఉంటే ముందే చెప్పాలి. జబ్బు ఖాయమయ్యాక చెవి కింద వాపొచ్చి తగ్గకుండా ఉంటే మాత్రం వెంటనే చూపించండి. షోగ్రెన్ ఉన్నవాళ్ళలో కొద్దిమందికి అది లింఫోమాగా, అంటే ఒక రకం క్యాన్సరుగా, మారే ప్రమాదముంది.