జుట్టు సంగతి తర్వాత, ముందు ఆ ట్యూబు ఆపండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. రణస్థలంలో ఉంటాం, పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ. నెల రోజులుగా జుట్టు విపరీతంగా రాలుతోంది, దువ్వితే కుచ్చులుగా వస్తోంది. మినాక్సిడిల్ మొదలుపెట్టొచ్చా? బయోటిన్ మాత్రలు వేసుకోనా? మూడు నెలల కిందట టైఫాయిడ్ వచ్చి తగ్గింది. ఇంకే జబ్బులూ లేవు. తొడల సందుల్లో తామర ఉంది కానీ ఏడాదిగా మందుల షాపులో ఇచ్చిన క్లోబెటాసాల్ ట్యూబు రాస్తుంటే అదుపులోనే ఉంటోంది, మానేస్తే మళ్లీ వస్తోంది. మరీ ఎక్కువైనప్పుడు మా ఊళ్లో ఆర్ఎంపీ గారు ఇంజక్షన్ చేస్తారు. అదే ట్యూబు మా ఆవిడ ముఖం మీద మంగుకి, కవిటిలో ఉండే మా నాన్నగారు వీపు దురదకి రాస్తున్నారు. నాన్నగారికి కిడ్నీ మందులు నడుస్తున్నాయి. మా ఐదేళ్ల బాబుకి బుగ్గ మీద తెల్ల మచ్చ వచ్చింది, వాడికి కూడా రాయొచ్చా?

జవాబు: రాయకూడదు. మీరు ఆఖర్న అడిగిన దానికి ముందు జవాబు చెప్తున్నాను, ఎందుకంటే ఈ ఉత్తరం మీ చేతికి చేరేలోపే ఎవరో ఒకరు రాసేస్తారని నా భయం. జుట్టు గురించి చెప్తాను కానీ అది నాకు టెన్షన్ పెట్టే విషయం కాదు. "అదుపులోనే ఉంటోంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారే, అక్కడే ఆగిపోయాను. ఏడాదిగా రాస్తున్నారు, ఇంట్లో ముగ్గురు మూడు వేరు వేరు జబ్బులకి ఒకే ట్యూబు రాస్తున్నారు, పైగా "ఇంకే జబ్బులూ లేవు" అంటున్నారు.

క్లోబెటాసాల్ అంటే చర్మానికి రాసే స్టెరాయిడ్లలో అన్నిటికంటే ఘాటైన రకం. సోరియాసిస్ లాంటి వాటికి మేమూ ఇస్తాం, అది కూడా ఎక్కువగా అరచేయి, అరికాలు లాంటి మందపాటి చర్మానికి, మామూలుగా రెండు వారాలు దాటకుండా, ఫలానా రోజు వచ్చి చూపించు అని చెప్పి. తామర ఫంగస్ వల్ల వస్తుంది. స్టెరాయిడ్‌కి ఫంగస్‌ని చంపే గుణం లేదు, దాని మీద ఒళ్లు చేసే పోరాటాన్ని అణిచేస్తుందంతే. అందుకే రెండో రోజుకల్లా ఎరుపు తగ్గి దురద పోతుంది, మీకు హాయిగా ఉంటుంది, ఫంగస్‌కి అంతకంటే హాయిగా ఉంటుంది. అడ్డు చెప్పేవాళ్లు లేక తొడల నుంచి పిరుదులకీ నడుముకీ పాకుతుంది, గుండ్రటి అంచు చెదిరిపోయి ఒక్కోసారి మేము చూసినా వెంటనే పోల్చుకోలేనంతగా రూపం మారుతుంది. మానేసిన నాలుగు రోజులకి దురద రెట్టింపై తిరిగొస్తుంది, మీరు మళ్లీ అదే ట్యూబు తీస్తారు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

అందులో ఫంగస్ మందు కూడా ఉంది కదండీ అని చాలామంది వాదిస్తారు. ఉండొచ్చు. స్టెరాయిడ్, ఫంగస్ మందు, బ్యాక్టీరియా మందు అన్నీ కలిపి ఒకే ట్యూబులో పెట్టి అమ్ముతున్నారు, జబ్బేంటో తెలియకపోయినా ఏదో ఒకటి తగలకపోతుందా అన్న లెక్క మీద. మీకు పనిచేసినట్టు కనిపించేది అందులో స్టెరాయిడే. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ కింద చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. ఎంత బాగా అమలవుతోందో మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. తప్పంతా షాపు వాళ్లదే అనను, చీటీ అడిగితే పక్క షాపుకి వెళ్లిపోయే గిరాకీ మనదే కదా.

మా ఓపీలో ఇది రోజూ ఉండేదే. జేబులోంచి ట్యూబు తీసి, అడుగు నుంచి మూత దాకా మడిచేసింది, బల్ల మీద పెట్టి "ఇదొక్కటే పన్జేస్తంది బాబూ, ఇదే ఇంకోటి రాయండి" అంటారు. తొడ లోపలివైపు చూస్తే వేలెడు వెడల్పున ఎర్రటి చారలు, పైనుంచి కిందికి, నాలుగైదు. చర్మం పల్చబడి లోపల చీలిపోయిందన్నమాట. రాను రాను ఎరుపు పోయి తెల్లబడతాయి, అంతేగానీ పూర్తిగా పోవు, ఏ క్రీముకీ పోవు. మీకు చారలు వచ్చాయో లేదో మీరు రాయలేదు. ఇవాళ వెలుతురులో ఒకసారి చూసుకోండి.

ఇక చేయాల్సిన పని. చూడకుండా మందు రాసివ్వను, ఇక్కడ చెప్పేది అవగాహన కోసమే, దీన్ని పట్టుకుని షాపుకి వెళ్లొద్దు. ట్యూబు ఆపిన వారం పది రోజులు దురద, ఎరుపు పెరుగుతాయి. అది తెలిసి ఉండాలి, తెలియకపోతే మూడో రోజే ఓడిపోతారు. కాబట్టి డాక్టర్‌ని కలిసిన రోజే ఆపడం మేలు, ఆ కలవడమేదో ఈ వారంలోనే. అక్కడ పొట్టు గీసి మైక్రోస్కోపులో చూస్తారు, రెండు నిమిషాల పని, నొప్పేమీ ఉండదు. ఇంతకాలం స్టెరాయిడ్ పడిన తామరకి ఒట్టి పూత మందు సాధారణంగా చాలదు, ఇట్రాకొనజోల్ గానీ టెర్బినఫిన్ గానీ మాత్రలు కావాలి, అవీ నాలుగు నుంచి ఎనిమిది వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ. ఒకప్పుడు రెండు వారాల్లో పోయే తామర ఇప్పుడు పోవడం లేదు, టెర్బినఫిన్‌కి లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్ మన దేశమంతా పాకింది. దానికి ఇలాంటి ట్యూబులు కూడా చేయి కలిపాయని మా చర్మ వైద్యుల్లో చాలామంది నమ్మకం, నాదీ అదే.

ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ అయితే అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకునే అలవాటుంటే డాక్టర్‌కి చెప్పండి, గ్యాస్ మాత్రలు దీన్ని ఒంటికి పట్టనివ్వవు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి ఇది పనికిరాదు, కొలెస్ట్రాల్ మాత్రలు కొన్నిటితో అసలు పడదు. లివర్ పరీక్ష కూడా చేయిస్తారు. దురద పోగానే మానేయొద్దు, మచ్చ పూర్తిగా మాయమైన తర్వాత కూడా కొన్నాళ్లు పూత రాయాలి, మచ్చ మీదే కాకుండా చుట్టూ రెండు వేళ్ల మేర.

ఆ ఇంజక్షన్ ఏమిటో కనుక్కోండి. తామరకి ఇంజక్షన్ లేదు. చేసిన మర్నాటికే దురద మాయమైతే అది స్టెరాయిడే అయ్యుంటుందని నా అనుమానం. అదే నిజమైతే షుగర్, బీపీ చూపించుకోవాలి, వయసు 34 అని ఊరుకోవద్దు. మీ ఊళ్లో ఆయన మంచివారే కావచ్చు, అర్ధరాత్రి పిలిస్తే వస్తారు, అది వేరే సంగతి.

ఇంకొకటి, మొలతాడు. ఉంటే తీసేయండి, లేదా చికిత్స అయ్యేదాకా పక్కన పెట్టండి. ఎన్ని మందులు వాడినా నడుం చుట్టూ తామర పోనివాళ్లలో చెమటకి నానిన ఆ దారమే చాలాసార్లు ఫంగస్‌కి ఇల్లు. మీ డ్యూటీలో ఎనిమిది గంటలు ఆ కవరాల్, బూట్లు తప్పవని తెలుసు, కాబట్టి ఇంటికి రాగానే స్నానం చేసి, గజ్జలు పొడి బట్టతో అద్ది, వదులు కాటన్ లోదుస్తులు వేసుకోండి. మీ తువ్వాలు మీదే. బట్టలు విడిగా ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి, వానాకాలమైతే ఇస్త్రీ చేయాలి. యాంటీసెప్టిక్ లోషన్, నిమ్మరసం, వెల్లుల్లి, కిరోసిన్, ఇవేవీ అక్కడ పెట్టకండి, ఒళ్లు కాలిపోయి వచ్చినవాళ్లని చూస్తూనే ఉన్నాను.

మీ ఆవిడ విషయం ఇంకా సున్నితం. ముఖం చర్మం పల్చన, క్లోబెటాసాల్ అక్కడ పెట్టాల్సిన మందే కాదు. మొదట్లో తెల్లగా నిగనిగలాడుతుంది, ఆ తర్వాత మొటిమలు, బుగ్గల మీద ఎర్రటి సన్నని నరాలు, ఎండలోకి వెళ్తే భగ్గుమనే మంట, సన్నగా వెంట్రుకలు. మానేస్తే ముఖమంతా ఎర్రబడుతుంది కాబట్టి వదల్లేరు. మనవైపు పెళ్లి సంబంధాల ముందు ఆడపిల్లల ముఖాలకి రాసే తెల్లబడే క్రీముల్లో కూడా చాలావాటిలో ఇదే బాపతు ఉంటుంది, వెనక చిన్నక్షరాల్లో బీటామెథసోన్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్ అని ఏదున్నా స్టెరాయిడే. ఎన్ని నెలలుగా రాస్తున్నారో చెప్పి, డాక్టర్ చెప్పిన పద్ధతిలోనే తగ్గించుకుంటూ మానాలి. మంగుకి మొదటి మందు ఎండ నుంచి కాపాడుకోవడమే, సన్‌స్క్రీన్ రాసుకోమనండి. ఆమెకి కూడా తామర అంటుకుని మాత్రలు కావాల్సొస్తే గర్భం లేదని ముందు తేల్చుకోవాలి, పాలిస్తుంటే అదీ చెప్పాలి.

నాన్నగారికి వీపు దురద అన్నారు. కవిటి అంటే కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం, పైగా కిడ్నీ మందులు వాడుతున్నారు, దురద అంటే నేను చర్మం కంటే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎంతో అడుగుతాను. కిడ్నీ పని తగ్గినప్పుడు ఒళ్లు పొడిబారి, పైకి మచ్చా మరకా లేకుండానే విపరీతమైన దురద పుడుతుంది. దానికి ఈ ట్యూబు మందు కాదు, ఆ వయసు చర్మం మీద ఇన్నాళ్లు రాస్తే చిన్న దెబ్బకే కమిలిపోతుంది. స్నానమైన వెంటనే తడి ఆరకముందే మాయిశ్చరైజర్ గానీ కొబ్బరినూనె గానీ రాయండి, పలాస కిడ్నీ ఆసుపత్రిలోనో ఆయన చూపించుకుంటున్న చోటనో దురద సంగతి చెప్పండి. రాత్రిపూట ఎక్కువై, వేళ్ల సందుల్లో కూడా ఉంటే గజ్జి కావచ్చు, దానికి ఆయనతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లంతా ఒకే రోజు మందు పూసుకోవాలి. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, మీ తామర మాత్రల్లో ఒక్కటి కూడా ఆయనకి ఇవ్వకండి, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి టెర్బినఫిన్ మంచిది కాదు.

జుట్టు. టైఫాయిడ్, డెంగీ, కాన్పు, ఏదైనా పెద్ద జ్వరం తర్వాత రెండు మూడు నెలలకి జుట్టు ఇలాగే కుచ్చులుగా రాలుతుంది, మీరు చెప్పిన లెక్క సరిగ్గా సరిపోతోంది. మామూలుగా ఆరు నెలల్లోపు దానంతటదే సర్దుకుంటుంది. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష), థైరాయిడ్ చూపించుకోండి. బయోటిన్ అక్కర్లేదు, పైగా అది వేసుకుంటే థైరాయిడ్ పరీక్ష తప్పుగా వచ్చే అవకాశం ఉంది. మినాక్సిడిల్ ఇప్పుడు వద్దు. అది నడినెత్తి, నుదుటి పక్కల పల్చబడే వంశపారంపర్య బట్టతలకి, మొదలుపెట్టిన కొత్తలో ఇంకా రాలుతుంది, ఫలితం కనపడాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు, మానేస్తే వచ్చింది పోతుంది. మీ నెత్తి చూశాక అవసరమైతే అప్పుడు.

బాబు బుగ్గ మీద మచ్చ చాలావరకు పొడి చర్మం వల్ల వచ్చేదే అయ్యుంటుంది. కడుపులో నులిపురుగులని, కాల్షియం తక్కువని అంటారు, రెండూ కావు. కొబ్బరినూనె చాలు, నెలలు పడుతుంది. కానీ తెల్ల మచ్చ దేన్నైనా చూడకుండా వదలం, ముఖ్యంగా మన జిల్లాల్లో. కుష్టు ఇంకా ఉంది, పిల్లల్లో కూడా. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉండి అక్కడ స్పర్శ తగ్గితే పీహెచ్‌సీలో చూపించాలి, మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. ముఖం మీద స్పర్శ సరిగా తేలదు, పైగా ఐదేళ్ల పిల్లాడు కాబట్టి ఇంట్లో పరీక్షలు పెట్టకండి.

శ్రీకాకుళం రిమ్స్‌లోనూ విజయనగరం పెద్దాసుపత్రిలోనూ చర్మవ్యాధుల ఓపీ ఉంది, మీకు ఏది వీలైతే అది. మీరు, మీ ఆవిడ, బాబు కలిసే వెళ్లండి, ఒకరికి తగ్గి ఇంకొకరికి ఉంటే మళ్లీ మొదటికొస్తుంది. వాడిన ట్యూబు, దాని పెట్టె, ఇంజక్షన్ చీటీ ఏదైనా ఉంటే అదీ పట్టుకెళ్లండి. ముందురోజు రాత్రి నుంచి మచ్చల మీద ఏమీ రాయకండి, రాస్తే పొట్టు పరీక్షలో ఏమీ తేలదు.