చిలుక ఇంకా చావలేదు

నల్గొండ

బిడ్డా,

నీ కథ అందింది. వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపావు. నాకు ఫోన్‌లో చదవడం చేతకాదు, గడియారం సెంటర్ దగ్గర జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకున్నాను. మొత్తం ఇరవై రెండు పేజీలు. ఇరవై ఒకటో పేజీ దాకా కుర్చీలోంచి లేవలేదు. ఇరవై రెండోది చదివి కాగితాలన్నీ మంచం మీదికి విసిరేశాను. ఎందుకు విసిరేశానో చెప్పడానికే ఈ ఉత్తరం.

నీ హీరో రామగిరిలో రూము తీసుకుని డిగ్రీ చదివే పిల్లగాడు. ఎనభై గంటలు కూర్చుని ఒక రోల్ ప్లేయింగ్ గేమ్ ఆడతాడు. అందులో ఊళ్లను కాపాడతాడు, దోస్తులను సంపాదించుకుంటాడు, ఒకరిని బతికించడానికి ఇంకొకరిని వదులుకుంటాడు. చివరికి గేమ్ రెండు నిమిషాల వీడియో చూపించి పేర్లు వేసేస్తుంది. ఆ రాత్రి వాడి కోపం నువ్వు బాగా రాశావు. అన్నం మానేసి పాత సేవ్ ఫైళ్లు ఒక్కొక్కటీ తెరవడం, ఎక్కడ వేరే దారి పట్టి ఉంటే ముగింపు మారేదో వెతకడం, ఎటు పోయినా అదే వీడియో రావడం... ఆ రెండు పేజీలు నిజం. మెచ్చుకోలు ఇంతే, ఇక అడగకు.

తర్వాత ఏం చేశావు? తెల్లవారుజామున వాడిని బండెక్కించి, నార్కట్‌పల్లి రోడ్డు మీదికి పంపి, లారీ కింద పడేశావు. ముగింపు సరిగ్గా రాయలేదని గేమ్ రాసినవాళ్లను పది పేజీలు తిట్టించిన మనిషివి, ఇట్లాంటి ముగింపు ఎట్లా రాశావు? చదివి చూసుకున్నావా అసలు?

ముసలాయనకు గేముల సంగతి ఏం తెలుసు అనుకుంటావేమో. మా చిన్నోడు ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు మాస్ ఎఫెక్ట్ ఆడేవాడు. కెనడాలోని బయోవేర్ అనే కంపెనీ చేసింది. మొదటి భాగం 2007లో, రెండోది 2010లో, మూడోది 2012 మార్చిలో వచ్చాయి. షెపర్డ్ అనే కమాండర్‌ను నువ్వే నడిపిస్తావు. ఒక భాగంలో తీసుకున్న నిర్ణయం తర్వాతి భాగంలోకి నీ వెంటే వస్తుంది. మొదటి ఆటలో నువ్వు చావనిచ్చిన మనిషి మూడో ఆటలో కనబడడు. ఇది నాకు భలే నచ్చింది. అవి కరెంటు కోతల రోజులు. ఇంట్లో ఇన్వర్టర్ అంతా ఆ గేముకే పోతోందని మీ అత్తమ్మ రోజూ కొట్లాడేది. నేను మాత్రం వాడి వెనక కుర్చీ వేసుకుని చూసేవాణ్ణి.

ఒక రాత్రి ఏదో గోడకు తగిలి పగిలిన చప్పుడైంది. లేచి పోయి చూస్తే కంట్రోలర్ రెండు ముక్కలై ఉంది. "ఏందిరా" అన్నాను. "బాపూ, మూడు రంగులు. ఐదేండ్లు ఆడితే మూడు రంగులు చూపిచ్చిండ్రు" అన్నాడు. సంగతేమిటంటే, ఆట చివర చిన్నపిల్లాడి రూపంలో ఒక శక్తి వచ్చి మూడు దారులు చూపిస్తుంది. ఏది పట్టుకున్నా దాదాపు ఒకటే వీడియో. ఒకదాంట్లో ఎర్ర వెలుగు, ఇంకోదాంట్లో నీలం, మూడోదాంట్లో ఆకుపచ్చ. వీడు ఐదేళ్లుగా ఎవరిని కాపాడాడో, ఎవరిని పోగొట్టుకున్నాడో ఆ వెలుగుకు పట్టనే లేదు.

ఆ కోపం మా చిన్నోడిది ఒక్కడిదే కాదు, ప్రపంచమంతా రగిలింది. కొందరు చందాలు వేసుకుని కంపెనీకి 400 కప్‌కేకులు పంపారు. పైన ఎరుపు, నీలం, ఆకుపచ్చ పూత. లోపల మాత్రం అన్నీ ఒకటే వెనీలా రుచి. తిట్టడంలో ఇంత పనితనం నేను మన విమర్శకుల్లో కూడా చూడలేదు. ఇంకొందరు ముగింపు మార్చాలని ఉద్యమం పెట్టి, ఆ పేరు మీద ఆసుపత్రుల్లో ఉన్న పిల్లలకు బొమ్మలు, ఆటలు ఇచ్చే సంస్థకు 80,000 డాలర్లకు పైగా పోగు చేశారు. ఒకాయన అమెరికా ప్రభుత్వానికి ఫిర్యాదే పెట్టాడు, చెప్పిన సరుకు ఒకటి, అమ్మింది ఇంకొకటి అని.

వీళ్లందరికంటే నాకు జాలి కలిగింది ఇంకో గుంపు మీద. వాళ్లు పాత సంభాషణలు, గోడల మీది నీడలు, చెట్లు, కలలు అన్నీ తవ్వి ఒక వాదం కట్టారు. ఆ ముగింపు నిజంగా జరగలేదట, శత్రువు షెపర్డ్ బుర్రలో దూరి చూపించిన భ్రమట. మా చిన్నోడు కూడా వారం పది రోజులు ఇదే నమ్మాడు. ఇష్టపడ్డవాడు అంత తొందరగా వదిలిపెట్టడు బిడ్డా. రాసినవాడు పగలగొట్టిన కుండను వాడు కూర్చుని అతికిస్తుంటాడు.

అదే ఏడాది జూన్‌లో కంపెనీ దిగొచ్చింది. ముగింపును మార్చలేదు, పెంచింది. డబ్బులు తీసుకోలేదు. ఎవరు ఏమయ్యారు, ఎవరు బతికారు, ఏ ఊరు మళ్లీ లేచింది, ఇవన్నీ చేర్చింది. మూడు దారులూ వద్దు పొమ్మనే నాలుగో దారి కూడా పెట్టింది. అది పట్టుకుంటే అందరూ పోతారు, అయినా పెట్టింది. మా చిన్నోడు మళ్లీ ఆడాడు. పొద్దున చాయ్ తాగుతూ "అప్పుడు కోపమొచ్చింది బాపూ, ఇప్పుడు బాధైతుంది" అన్నాడు.

ఈ ఒక్క మాట కోసమే నీకు ఈ పురాణమంతా చెప్పాను. చదివేవాడు బాధకు సిద్ధపడే వస్తాడు. హీరో చస్తే ఒప్పుకుంటాడు, ఓడితే ఒప్పుకుంటాడు. తను ఇంతదూరం మోసుకొచ్చిందంతా ముగింపు మరిచిపోతే ఒప్పుకోడు. ముగింపుకు జ్ఞాపకం ఉండాలి. నలభై ఏళ్లుగా నేను చెప్పేది ఇదొక్కటే. మా దోస్తులు విసుక్కుంటారు కూడా, మీ సార్‌కు వేరే మాట రాదని.

ఈ పట్టుదల నాకు మా నాయనమ్మ నుంచి వచ్చింది. మాది దేవరకొండ దగ్గర పల్లె. నాకు తొమ్మిదేళ్లప్పుడు చిందోళ్లు వచ్చి మూడు రాత్రులు బాలనాగమ్మ ఆడారు. మూడో రాత్రి మబ్బు పట్టింది, పెట్రోమాక్స్‌లో గ్యాసునూనె అయిపోవచ్చింది. ఫకీరు ఎత్తుకుపోయిన తల్లి నాగమ్మను విడిపించడానికి బాలవర్ధి సముద్రాలు దాటి, మాయల ఫకీరు ప్రాణం ఉన్న చిలుక దగ్గరికి చేరాడు. చేరాడో లేదో, మంగళం అందుకున్నారు. మా నాయనమ్మ ముందు వరసలో కూర్చుంది. గొంగడి సర్దుకుని లేచి నిలబడింది.

"ఓ అయ్యా, చిలుక ఇంక సావనే లేదు, మంగళమెట్ల పాడుతరు? నాగమ్మ ఆ ఫకీరు తాననే ఉండాల్నా?"

"వానొస్తుంది అవ్వా."

"వస్తే తడుస్తం. మూడు రాత్రులు నిద్ర గాసినం. మా కథ మాకు అప్పజెప్పి పోండ్రి."

జనం నవ్వారు, కానీ ఒక్కరూ లేచి పోలేదు. వాన మాత్రం ఆగలేదు, దంచి కొట్టింది. తెల్లారి రచ్చబండ దగ్గర వేషాలు లేకుండానే, దరువు వేసుకుంటూ మిగతా కథ నడిపి చిలుక మెడ విరిచారు. అప్పుడు మా నాయనమ్మ చాటెడు జొన్నలు పోసింది. కథ కంచికి, మనం ఇంటికి అంటారు కదా. ఆ రాత్రి మేం ఇంటికైతే పోయాం, పడుకున్నాం, కానీ ఎవరికీ నిద్ర పట్టలేదు.

అయితే చదివేవాళ్లు అడిగిన మందే ఇవ్వాలని కాదు. నొప్పి ఎక్కడుందో వాళ్లకు తెలుసు, మందు పేరు మాత్రం తప్పు చెప్తారు. ఫాలౌట్ 3 అని 2008లో వచ్చిన గేమ్ ఉంది, నీకు తెలిసే ఉంటుంది. విషపు నీళ్లను మంచినీళ్లు చేసే ఒక పెద్ద యంత్రం చుట్టూ కథ. నీళ్ల గోస మనకు కొత్తా? ఫ్లోరైడ్ పోగొట్టడానికి పటిక, సున్నం కలిపి నీళ్లు తేర్చే పద్ధతికే నల్గొండ టెక్నిక్ అని మన ఊరి పేరు పెట్టారు. ఆ గేమ్ చివర యంత్రాన్ని నడిపించాలంటే రేడియేషన్ నిండిన గదిలోకి ఒకరు పోవాలి. పోయినవాళ్లు చస్తారు. నీళ్ల కోసం ప్రాణమివ్వడం గొప్ప ముగింపే. కానీ నీ పక్కన ఫాక్స్ అనే దోస్తు ఉండవచ్చు. రేడియేషన్ వాడినేం చేయదు. అంతకుముందు అట్లాంటి చోటికే పోయి నీకు కావాల్సిన వస్తువు తెచ్చిచ్చింది కూడా వాడే. ఇప్పుడు నువ్వు పొమ్మంటే, ఇది నీ విధి, నేను అడ్డురాను అంటాడు!

ఆడినవాళ్లు మా హీరో చావకూడదని గోల చేశారు. 2009లో ఆ గేమ్ చేసిన కంపెనీ ఇంకో ముక్క చేసి, దాన్ని డబ్బులకే అమ్మి, దోస్తును పంపే వీలు పెట్టింది, హీరోను కూడా బతికించింది. నన్నడిగితే హీరో చస్తే తప్పు లేదు. దోస్తు ఏం చేయగలడో కథే ముందు చూపించి, కథే మరిచిపోయింది. తప్పు అక్కడుంది. ఫాక్స్‌ను అంతకుముందే వేరే చోటికి పంపేసి ఉంటే, ఆ చావుకు ఆడినవాడు దండం పెట్టేవాడు.

మన పత్రికల వాళ్లు ఇదంతా ఎప్పుడు పట్టించుకున్నారు? నేను రాయడం మొదలుపెట్టినప్పుడు అందరికీ కొసమెరుపు జబ్బు ఉండేది. చివరి వాక్యంలో టపాసు పేలాలి. ముందు పది పేజీలు ఏమైపోయినా సరే. నీ లారీ ఆ జబ్బుకు మనవడు. ఒక వారపత్రిక ఎడిటర్ నా కథలు నాలుగు తిప్పి పంపాడు, "మెరుపు లేదు" అని ఒక్క ముక్క రాసి. ఐదోది వేసుకున్నాడు. సంతోషంగా పత్రిక తెరిస్తే చివరి పద్నాలుగు లైన్లు లేవు. ఆ జాగాలో తలనూనె అడ్వర్టైజ్‌మెంట్ ఉంది. మా హీరోయిన్ బస్సు కోసం నిలబడి ఉండగానే కథ అయిపోయింది, కింద ఒకావిడ జుట్టు ఆరబోసుకుని నవ్వుతోంది.

పదిహేను పైసల కార్డులు వచ్చాయి, డజను దాకా. మిర్యాలగూడ నుంచి ఒకాయన, ముగించకుండా ఆపడంలోనే రచయిత గొప్పతనం ఉందని రాశాడు. ఒకావిడ మిగతా కథ తనే రాసి పంపింది. నిజం చెప్పాలంటే ఆమె రాసింది నా పద్నాలుగు లైన్లకంటే బాగుంది. ఇంకో సిగ్గుమాలిన సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ ఒక సాహిత్య సభలో ఆ ముగింపును పొగుడుతుంటే, తల వంచుకుని కూర్చుని చప్పట్లు కొట్టించుకున్నాను. తలనూనె సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకే చెప్తున్నాను. అప్పటి నుంచి ఎవరైనా 'ఓపెన్ ఎండింగ్' అంటే నాకు ఆ జుట్టే గుర్తొస్తుంది.

చేదు ముగింపు రాయాలనుంటే భారతం చూడు. ఏడోదైన ద్రోణపర్వంలో ధర్మరాజు ద్రోణుడి దగ్గర అశ్వత్థామ చచ్చాడని గట్టిగా, ఏనుగు అని నెమ్మదిగా అంటాడు. ఎన్నో పర్వాలు గడుస్తాయి, రాజ్యం వస్తుంది, పోతుంది. పద్దెనిమిదో పర్వంలో స్వర్గానికి పోతే అక్కడ దుర్యోధనుడు దర్జాగా కూర్చుని ఉంటాడు. తమ్ముళ్లు ఏరీ అంటే నరకానికి తీసుకుపోతారు. ఆ కంపులో వాళ్ల గొంతులు వినిపిస్తాయి. నేనూ ఇక్కడే ఉంటానంటాడు ధర్మరాజు. అప్పుడు ఇంద్రుడు వచ్చి చెప్తాడు, ద్రోణుడి విషయంలో ఆడిన ఆ మాటకే నువ్వు నరకం చూడాల్సి వచ్చిందని. నేను మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు పానగల్లు చెరువు కట్ట మీద తిరిగాను. నాకు ఒక్క కప్‌కేకు కూడా పంపాలనిపించలేదు.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా, పుస్తకం వేస్తే ఎంతవుతుంది అని కూడా అడిగావు. అవి తర్వాత చూద్దాం.

ముందు నీ మూడో పేజీ తియ్యి. అక్కడ మీ హీరో నాయన ఉన్నాడు. మూడు బోర్లు ఎండిపోయాయి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే ఒకాయనతో పాయింట్ పెట్టించి, అప్పు చేసి నాలుగో బోరు బండి పిలిపించాడు. నాలుగు వందల ఫీట్లు దాటినా తెల్ల దుమ్మే లేస్తోంది. ఆ టైంలో కొడుక్కి ఫోన్ చేస్తాడు. కొడుకు గేమ్‌లో పెద్ద రాక్షసుడితో కొట్లాడుతున్నాడు, ఫోన్ బోర్లా పెట్టేస్తాడు. ఈ ఆరు వాక్యాలు నువ్వు ఏమీ అనుకోకుండా రాశావు, అందుకే అంత బాగా వచ్చాయి. ఆ తర్వాత పంతొమ్మిది పేజీల్లో ఆ ఫోన్ మళ్లీ మోగలేదు. ఆ నాయన మళ్లీ కనబడలేదు. గేమ్ తనను మరిచిపోయిందని నీ హీరో ఏడుస్తున్నాడు, నేను మాత్రం ఆ బోరు బండి దగ్గరే నిలబడి ఉన్నాను.

గేమ్ అయిపోయిన రాత్రి వాడు ఆ ఫోన్ తిప్పి చూస్తాడా? చూస్తే ఎన్ని మిస్డ్ కాల్స్ ఉన్నాయి? నీళ్లు పడ్డాయా, పడితే ఎన్ని ఫీట్లకు? కేసింగ్ డబ్బులు ఎవరిచ్చారు? ఇవి రాసి పంపు. ఈసారి ప్రింట్ తీసి పోస్టులో వెయ్యి, జిరాక్స్ షాపు పిల్లాడు పేజీకి రెండు రూపాయలు తీసుకుంటున్నాడు.

ఆ లారీని నార్కట్‌పల్లి దాటి పోనియ్యి. దాని డ్రైవర్‌కు నీ కథతో ఏ సంబంధమూ లేదు.

మీ
సార్